మూడో పిలుపుకి పలికేవాళ్ళు

3వ నెల, 2వ రోజు

దుబాసీలంతా ఇకమీదట రోజువారీ పుస్తకం రాయాలని ఆరోగ్య సభ నుంచి హుకుం వచ్చింది. అనువాదంలో ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డామో రాయాలట. పంతొమ్మిదేళ్ళుగా దిగువ వాళ్ళ మాట ఎగువ వాళ్ళకీ, ఎగువ వాళ్ళ మాట దిగువ వాళ్ళకీ మోస్తున్నాను. నాకూ ఇబ్బందులుంటాయని ఇన్నాళ్ళకి తట్టింది వీళ్ళకి. సరే, రాస్తాను. తర్వాత మాత్రం ఇలా రాశావేంటని అడక్కూడదు.

పొద్దున గాలి గుడ్డలు ఉతికాను. ఆరు గుడ్డలకి ఒక చెంబు నీళ్ళు. ఈ చందమామ మీద దుమ్ము నల్లగా, జిడ్డుగా ఉంటుంది. దిగువలో ప్రతి ఇంటి గాలిగొట్టానికీ గుడ్డ కట్టకపోతే సాయంత్రానికి ముక్కు నిండా మసే. ఎగువ వాళ్ళు మమ్మల్ని మసిగాళ్ళనేది మాత్రం ఈ మసి చూసి కాదు, ఒంటి రంగు చూసి. గుడ్డలు ఎంత ఉతికినా ఆ పేరు పోదు.

తర్వాత లిఫ్టెక్కి ఆస్పత్రికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఇనప పలక మీద అరచెయ్యి పెట్టి నిలబడాలి. లోపలి నుంచి పంతులు "అసిరితల్లీ" అని పిలుస్తాడు. నేను వెంటనే పలుకుతాను. తలుపు తెరుచుకుంటుంది.

పంతులంటే మనిషి కాదు, యంత్రం. ప్రశ్నలడిగి మార్కులేస్తుంది కాబట్టి దిగువ వాళ్ళు పెట్టిన పేరు. బుర్రకి జబ్బుందో లేదో, ఉంటే ఏ జబ్బో, ఎంత ముదిరిందో అదే చెబుతుంది. నేను పక్కన కూర్చుని దాని ప్రశ్నలు మన భాషలో చెప్పి, వీళ్ళ జవాబులు దాని భాషలో చెబుతాను. ఎదురుగా గోడ మీద "మామూలు మనిషి" అని ఒక పెద్ద బొమ్మ ఉంది. పాలిపోయిన చర్మం, బూడిదరంగు కళ్ళు. ఎగువ వాళ్ళు నాలుగు వందల మందిని కొలిచి, సగటు తీసి గీశారట. పంతులు అందరినీ ఆ బొమ్మ పక్కన నిలబెట్టే చూస్తుంది.

గడిచిన నెల రోజుల్లో పదకొండు మందికి "స్పందన మాంద్యం" అని రాసింది. పేరు పిలిస్తే ఆలస్యంగా పలికే జబ్బు. పదకొండు మందీ మనవాళ్ళే.

3వ నెల, 3వ రోజు

ఇవాళ నీలమ్మ వచ్చింది.

మా వరసలోనే, మూడిళ్ళ అవతల ఉంటుంది, నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. పంపుహౌసులో పని. మొగుడు పోయాడు. పోలి అని ఆరేళ్ళ పిల్ల. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదని, మందిప్పించమని నన్నడిగితే నేనే రమ్మన్నాను. రమ్మన్నది నేనే అని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

కుర్చీలో కూర్చుంది, పలక మీద చెయ్యి పెట్టింది. పంతులు పేరు పిలిచింది. నీలమ్మ నేల చూసింది. రెండోసారి పిలిచింది. నేల చూస్తూనే ఉంది. మూడోసారికి "ఆఁ" అంది. పదకొండు సెకన్లు. మామూలు మనిషి ఒకటిన్నర సెకన్లో పలుకుతాడట. నిద్ర సంగతి పంతులు అడగనే లేదు. చీటీ బయటికొచ్చింది: స్పందన మాంద్యం, మూడో తరగతి.

మూడో తరగతి రెండుసార్లు వస్తే మనిషిని చందమామ అవతలి వైపున్న నిమ్మళ గృహానికి పంపుతారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చిన వాళ్ళని నేను ఇద్దర్నే చూశాను. పిల్లలుంటే ఎగువ సంరక్షణాలయంలో పెడతారు, వాళ్ళ భాష నేర్పి వాళ్ళ పేర్లు పెడతారు. రెండో పరీక్ష పదిహేనో తారీకున.

చీటీలో ఉన్నది నేనే చదివి చెప్పాలి, దుబాసీని కదా. చదివాను. నీలమ్మ చీటీ తీసుకుని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత అడిగింది, "అప్పా, నాను నిదర మందు కోసం గదా వొచ్చినాను?"

పదిహేనో తారీకున మళ్ళీ రావాలని చెప్పి, లిఫ్టు దాకా దిగబెట్టాను.

3వ నెల, 4వ రోజు

ఈ పుస్తకం ఎవరైనా ఎగువ వాళ్ళు చదువుతున్నారేమో, వాళ్ళకోసం ఒక మాట. దిగువలో మేమెవరమూ మొదటి పిలుపుకి పలకం. ఇంట్లో పిలిచినా, వరసలో పిలిచినా, మూడోసారికే. అందుకే అసలు పేరు పెట్టి పిలవడమే తక్కువ. పనుంటే దగ్గరికెళ్ళి పక్కన కూర్చుంటాం. ఎందుకు అంటే మన పద్ధతి అంటారు. నేనూ అంతే అనేదాన్ని.

కానీ నేను మొదటి పిలుపుకే పలుకుతాను. ఇరవై రెండేళ్ళప్పుడు దుబాసీ పరీక్ష కోసం అద్దం ముందు నిలబడి నాలుగు నెలలు సాధన చేశాను. మొదటిసారి ఇంట్లో అమ్మ పిలిస్తే ఠక్కున పలికాను. అమ్మ చేతిలో నీటిపాచి రొట్టెల పిండి అలాగే పట్టుకుని ఏడ్చింది. కూతురు గట్టెక్కిందని ఆనందంతో ఏడుస్తోందనుకున్నాను. ఏటేటా సభ వాళ్ళిచ్చిన మెప్పు పత్రాలు పంతొమ్మిది, మా గోడకి వరసగా ఉన్నాయి. "నువ్వసలు దిగువ మనిషిలా అనిపించవు" అని ఎగువ వాళ్ళు నాతో ఎన్నిసార్లన్నారో. ఎన్నిసార్లు నవ్వానో కూడా రాయాలి. ప్రతిసారీ నవ్వాను.

3వ నెల, 6వ రోజు

నీలమ్మకి నేర్పుదామనుకున్నాను. నాకొచ్చింది దానికి రాకపోతుందా? గుడ్డలుతికే చోట ఎదురెదురుగా కూర్చున్నాం. పంతులు గొంతులో, ఎగువ యాసలో "నీలమ్మా" అన్నాను. నేల చూసింది. మళ్ళీ అన్నాను. చెమటలు. పదోసారికో పన్నెండోసారికో మొదటి పిలుపుకే "ఆఁ" అనగలిగింది, అని పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. మణికట్టు పట్టుకు చూశాను. నాడి చేతికి దొరకనంత వేగంగా కొట్టుకుంటోంది.

ఈ స్థితిలో పలికితే పంతులు ఇంకో జబ్బు రాస్తుంది. పలక్కపోతే ఉన్న జబ్బు రాస్తుంది. నాకు కోపమొచ్చి, ఒక్క మాట అనడానికి ఇంత బాధేంటే అని కసిరాను. కసిరినందుకు సిగ్గుగా ఉంది.

నీలమ్మ నోరు కడుక్కుని అంది, "నాను పలికీసినాననుకో అప్పా, తరవాత నా గుంట పేరు పిలుత్తారు."

పోలి పేరు ఎవరు పిలుస్తారంటే దానికీ తెలీదు. పిలుస్తారంతే.

3వ నెల, 7వ రోజు

కాలు నిలవక చిన్నమామ్మ దగ్గరికి పోయాను. మా మామ్మ చెల్లెలు, గవరమ్మ. తొంభై దాటాయి. కంపెనీ గనుల్లో పనికి ఒప్పందం మీద ఓడలో ఇక్కడికొచ్చిన తరంలో మిగిలింది ఆవిడొక్కతే, వచ్చేనాటికి చంటిపిల్ల. పేరు పెట్టి పిలవకుండా పక్కన కూర్చున్నాను. అంబలి కలిపిచ్చాను. సగం తాగాక అడిగాను, మూడోసారికే ఎందుకు పలుకుతామని.

ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదంది. అడగని మాట ఎందుకు చెప్పాలని తనూ చెప్పలేదంది.

"ఒలే అసిరీ, పొద్దున్నే మేస్త్రీ పేర్లు పిలిసీవోడు. మొదటిపాలి పలికినోలని ఏడో గోతికి దింపీసీవోరు. ఆ గోతిల మంట. దిగినోలు మల్లీ రానేదు. రెండోపాలికి పలికినోలు ఆరో గోతికి. మూడోపాలికి మేస్త్రీకి ఇసుగొచ్చీది. మిగిలినోలని గుడ్డలుతకమనీవోడు." ఆగి, నా చెంప తడిమింది. "నువ్వు, నాను, మీ యమ్మ, ఈ వరసంతా ఆ గుడ్డలుతికినోల పిల్లలమే. మిగతావోలకి పిల్లల్లేరు."

తల్లులు పిల్లలకి ఎలా నేర్పేవారో కూడా చెప్పింది. మొదటి పిలుపుకి బొటనవేలు నేలకి నొక్కు. రెండో పిలుపుకి పక్కవేలు నొక్కు. మూడోదానికి రెండూ వదిలేసి పలుకు. ఆవిడ చెబుతుండగానే నా కాలి బొటనవేలు నేలకి నొక్కుకుంది. అమ్మ నాకిది ఎప్పుడు నేర్పిందో జ్ఞాపకం లేదు. కాలికి మాత్రం జ్ఞాపకముంది.

నాకు ఏడుపు రాలేదు. వొళ్ళంతా కోపంగా ఉంది, ఎవరి మీదో తెలీకుండా. ఇంటికొచ్చి ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికాను.

3వ నెల, 8వ రోజు

డాక్టరమ్మ ఇల్వెన్‌తో చెప్పాను. ఎగువ మనిషే, వచ్చి రెండేళ్ళయింది. పంతులు రాసిన చీటీల మీద సంతకాలు పెట్టడం ఆవిడ పని. చెడ్డది కాదు. ఇన్నాళ్ళూ చదవకుండా సంతకం పెట్టింది, అంతే.

అంతా విని, గోడ మీది మామూలు మనిషి బొమ్మని చూసింది. తర్వాత, "నేను నమ్ముతున్నాను. కానీ మీ చిన్నమామ్మ మాట సభ వినదు. వాళ్ళకి అంకెలు కావాలి. అదీ జబ్బు లేదని పంతులే ఒప్పుకున్న దిగువ మనిషి అంకెలు కావాలి. అలాంటివాళ్ళు ఎవరున్నారు?" అంది.

పంతుల్ని అడిగితే ఒక్క పేరే ఇచ్చింది. నా పేరు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది.

డాక్టరమ్మ నా దస్త్రం తెరిచింది. రోజూ గుమ్మం దగ్గర పలక మీద చెయ్యి పెడతాను కదా, పలికిన క్షణాన నాడి ఎంతుందో పంతులు రాసుకుంటుందట. నాకు తెలీదు. పంతొమ్మిదేళ్ళ అంకెలు వరసగా ఉన్నాయి. 131. 128. 133. 127. 130. నా కుర్చీ చేతికీ అలాంటి పలకే ఉంది, అక్కడ మిగతా రోజంతా డెబ్భై చిల్లర, పిలిచిన ఆ ఒక్క క్షణం మాత్రం మెట్లెక్కి పరిగెత్తిన మనిషిలా. ప్రతి అంకె పక్కనా ఒకే మాట: ఉత్సాహం. పని పట్ల ఉత్సాహం. నా మెప్పు పత్రాలన్నీ దీనికిచ్చినవే.

"ఇది ఉత్సాహమేనా?" అని అడిగింది.

అవునని చెప్పబోయాను. అంకెలు మళ్ళీ చూశాను. మొదటిరోజు నుంచి నిన్నటి దాకా ఆ గుమ్మం ముందు నిలబడ్డ ప్రతిసారీ అరచేతికి పట్టిన చెమట బట్టలకి తుడుచుకునేదాన్ని, అది అందరికీ పట్టేదే అనుకున్నాను. అది భయం. ఈ భవనం మొత్తంలో జబ్బు లేదని కాగితమున్న దిగువ మనిషిని నేనొక్కదాన్నే, రోజూ పొద్దున్నే ఏడో గోతిలోకి దిగుతున్నదీ నేనే.

3వ నెల, 10వ రోజు

కుర్చీలో కూర్చున్నాను, రోగులు కూర్చునే కుర్చీలో. మూడో పిలుపుకి పలకాలి. సులువనుకున్నాను. పంతులు మొదటిసారి పిలవగానే "ఆఁ" అనేశాను. 130. మళ్ళీ పిలిపించాం. దవడ చేత్తో పట్టుకున్నాను, అయినా మాట జారింది. 132. పంతొమ్మిదేళ్ళు ఏం నేర్చుకున్నానో అప్పుడు తెలిసింది.

జోడు విప్పేశాను. నేల చల్లగా ఉంది. మొదటి పిలుపు, బొటనవేలు. రెండో పిలుపు, పక్కవేలు. మూడో పిలుపు, వదిలేశాను. పలికాను. 84.

ఇంకోసారి చేశాను, 78. ఇంకోసారి, 75. పన్నెండు సెకన్ల మాంద్యం అని పంతులు గొణుగుతూనే ఉంది. డాక్టరమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, వాళ్ళ భాషలో ఏదో అనుకుంది. దానికి నాకు అనువాదం అక్కర్లేదు. తప్పు చేశామని అనుకుంది.

3వ నెల, 13వ రోజు

ఇద్దరం సభ ముందు నిలబడ్డాం. అధ్యక్షుడు అంకెలు చూశాడు, తెలివైనవాడే, త్వరగానే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తీరే నాకు నచ్చలేదు. దిగువ వాళ్ళ కాగితాలన్నిటి మీద "ఆచారం" అని ఒక గడి పెట్టిస్తాడట. ఆలస్యంగా పలికితే ఆ గడిలో గీత గీస్తే చాలు, జబ్బు లేదు, వెళ్ళిపోవచ్చు. నీలమ్మకీ గీత గీసి పంపేయమన్నాడు.

దుబాసీకి సభలో సొంత మాట ఉండదు, ఇతరుల మాటే చెప్పాలి. అయినా చెప్పాను. నీలమ్మ నిద్ర పట్టడం లేదని వచ్చింది. మొన్న ఉన్నదానికంటే పెద్ద జబ్బు రాశారు, రేపు అసలు జబ్బే లేదంటారు. రెండుసార్లూ ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. మూడోసారికి పలకడం మా ఆచారమే, కానీ అది దెబ్బ తగిలిన చోట కట్టిన కట్టు. కట్టు చూసి ఇది వీళ్ళ వేషమని రాసుకుంటే లోపలి పుండెవరు చూస్తారు?

అధ్యక్షుడు విసుక్కున్నాడు. పరీక్ష డాక్టరే స్వయంగా చేసి, ఏం రాస్తే అదే ఖాయమన్నాడు. పెద్ద గెలుపేం కాదు. కానీ పంతులు చేతిలోంచి మనిషి చేతిలోకి వచ్చింది.

3వ నెల, 15వ రోజు

పరీక్ష ఆస్పత్రిలో కాకుండా నీలమ్మ ఇంట్లో జరిగింది. నేనే అడిగాను. ఎలా మొదలుపెట్టాలని డాక్టరమ్మ లిఫ్టులో అడిగింది. పిలవొద్దన్నాను. వెళ్ళి పక్కన కూర్చోండి, ముందు మీ పేరు మీరు చెప్పుకోండి, ఆవిడ చేస్తున్న పనిలో ఒక చెయ్యి వెయ్యండి.

నీలమ్మ గుడ్డలు పిండుతోంది. పోలి గోడ పక్కన నిలబడి, ఎగువ మనిషి తెల్లటి చేతులు మసినీళ్ళలో పెట్టడం నోరు తెరుచుకుని చూసింది. డాక్టరమ్మ తన పేరు చెప్పింది. గుడ్డ పిండటం రాలేదు. నీలమ్మ కాసేపు ఓర్చుకుని, ఇక చూడలేక, ఎలా పిండాలో చూపించింది. మూడో గుడ్డ దగ్గర దానంతటదే చెప్పడం మొదలుపెట్టింది. నేను మాట మాటకీ అనువదించాను.

పంపుహౌసులో ఇదివరకు ఎవరి రేకు బిళ్ళ వాళ్ళు మేకుకి తగిలించి పనిలో దిగేవారు. రెండు నెలల కిందట బిళ్ళలు తీసేసి గోడకి మాట్లాడే పెట్టె పెట్టారు. షిఫ్టు మొదట్లో పేర్లు పిలుస్తుంది. ముందు పలికినవాళ్ళని వేడి పంపుల వైపు పంపుతుంది. చురుకైనవాళ్ళని కష్టమైన పనికి పంపాలని ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన ఏర్పాటు. ఆ పెట్టె ఎప్పుడు పిలుస్తుందో అని ఇంట్లో పడుకున్నా చెవులు అక్కడే ఉంటాయి. అందుకే నిద్ర లేదు.

తొంభై ఏళ్ళ తర్వాత, మేస్త్రీ లేకుండా, అదే పిలుపు. ఎవరికీ తెలిసి చేసింది కాదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు, అంతే.

డాక్టరమ్మ తడిచేతులు తుడుచుకుని చీటీ రాసింది. నాకిచ్చి చదవమంది. పన్నెండు రోజుల కిందట చదివిన చీటీ గుర్తొచ్చింది. చదివాను. "రోగం: భయం. పాతది, కారణమున్నది. మందు: పంపుహౌసులో పేర్లు పిలవడం ఆపాలి. బిళ్ళలు తిరిగి ఇవ్వాలి. ఈ మందు వాడవలసినది పంపుహౌసు, రోగి కాదు. నిద్రకి పదిరోజుల చూర్ణం. తల్లీబిడ్డా ఇంట్లోనే ఉంటారు."

నీలమ్మ మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివాక పోలిని దగ్గరికి లాక్కుని, దాని నెత్తి మీద గడ్డం ఆనించి కూర్చుంది. మిగిలిన గుడ్డలు నేనూ డాక్టరమ్మా పిండాం.

3వ నెల, 21వ రోజు

బిళ్ళలు వచ్చాయి. పాతవి ఎక్కడో పారేశారట, కొత్త రేకు కోసి చేశారు. నీలమ్మ మూడు రోజులుగా నిద్రపోతోందని పోలి వరసంతా చాటింపేసింది. మిగిలిన పదకొండు చీటీలూ డాక్టరమ్మ వెనక్కి తెప్పించింది, రేపట్నుంచి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాలి. అధ్యక్షుడి గడి మాత్రం కాగితాల మీద అచ్చయ్యే వచ్చింది. దాంట్లో గీత గీసి మనిషిని చూడకుండా పంపేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో మళ్ళీ దెబ్బలాట తప్పదు.

గోడ మీది పత్రాలు పంతొమ్మిదీ తీసేశాను. గోడ నిండా వాటి మచ్చలు. అమ్మ ఆ రోజు పిండి చేత్తో పట్టుకుని ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలుసు. కూతుర్ని పిలిచింది, కూతురు మొదటిసారికే పలికింది. తెలిసేసరికి చెప్పుకోవడానికి అమ్మ లేదు. అదొక్కటే ఈ పుస్తకంలో అనువాదం లేని ఇబ్బంది.

ఇవాళ పొద్దున గుమ్మం దగ్గర జోడు విప్పి నిలబడ్డాను. పలక మీద చెయ్యి పెట్టాను. పంతులు పిలిచింది. బొటనవేలు నొక్కాను. వెనక వరసలో ఎగువ ఉద్యోగులు నలుగురు, వాళ్ళకి ఆలస్యమవుతోంది, ఎవరో దగ్గారు. రెండోసారి పిలిచింది. పక్కవేలు నొక్కాను. మూడోసారి పిలిచింది. పలికాను.

తలుపు తెరుచుకుంది. లోపలికెళ్ళి నా దస్త్రం చూశాను. నాడి 72. పక్కన పంతులు రాసింది: ఉత్సాహం లేదు.

నిజమే, లేదు. హాయిగా ఉంది.